మనిషికీ కంప్యూటర్‌కూ చదరంగ పోటీ: పిల్లల్లో ఆసక్తి పెంచేదెలా?

నేను పిల్లలకు చదరంగం నేర్పుతాను. 1997లో న్యూయార్క్‌లో అప్పటి ప్రపంచ చదరంగ ఛాంపియన్ కాస్పరోవ్ 2.5–3.5 పాయింట్లతో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ చేతిలో ఓడిన సంగతి చెబితే, "కంప్యూటర్ గెలవడంలో వింతేముంది?" అన్నారు. మనసు చివుక్కుమంది. అంతకు ముందు ఏడాది ఫిలడెల్ఫియాలో ఆయనే 4–2తో గెలిచారు. అందుకే ఆ రెండో పోటీని ప్రపంచమంతా ఊపిరి బిగబట్టి చూసింది. చివరి ఆటలో యంత్రం ఇ6 గడిలోని బంటును కొట్టి గుర్రాన్ని బలి ఇచ్చింది. 19 ఎత్తుల్లో అంతా అయిపోయింది.

2006లో జర్మనీలోని బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే చదరంగ ప్రోగ్రామ్‌తో ఆడుతూ అప్పటి ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ ఒక్క ఎత్తులో తనకు పడే మాట్‌ను (ఆటకట్టును) గమనించలేదు. ఆ ఆట చూపించినప్పుడు మాత్రం పిల్లలందరూ బల్ల మీదికి వంగిపోయారు. యంత్రం బలం కన్నా మనిషి తడబాటే వాళ్లను కట్టిపడేసిందని నాకు అనిపిస్తోంది.

ఆ రోజుల్లో ఈ పోటీలను ఎత్తు ఎత్తుకూ అనుసరించినవారు దయచేసి చెప్పండి: మిమ్మల్ని కదలనివ్వని ఆట ఏది? యంత్రం ఒక గుర్రాన్నో, ఏనుగునో తీసేసి ఆడేలా పోటీ పెడితే పిల్లలకు ఉత్కంఠ కలుగుతుందా? అలా ఆడించి చూసినవారు ఏ స్థాయి పిల్లలకు ఏ పావు తీసేస్తే పోరు సమంగా సాగిందో కూడా రాయగలరు.