అడవి పుస్తకాలు, మంత్రాల పుస్తకాలు, కట్టడాల పుస్తకాలు: ఏది ఏ అరలో?

మోడుచిగురు
ఏళ్ల తరబడి ఏది కంటికి నచ్చితే అది కొంటూ పోయాను. మొన్న దుమ్ము దులుపుదామని అన్నీ కింద పరిస్తే తేలింది, నా దగ్గరున్నవి ముఖ్యంగా నాలుగు రకాలని: అడవులు, మంత్రతంత్రాలు, కట్టడాలు, సంస్కృతి చరిత్ర. సర్దడం మొదలుపెట్టిన గంటకే తల తిరిగింది. అడవి మీద అనుకున్న పుస్తకంలో సగం పురాణాలే. మంత్రాల పుస్తకం తెరిస్తే రైతుల గొడవలు. కట్టడాల పుస్తకమేమో చెట్ల కింద మొదలవుతుంది.

సర్దడం సరే, అసలు బాధ వేరే ఉంది. వీటిలో చాలావాటిని 40, 50 పేజీల దగ్గర ఆపేశాను. ఇలాంటి కలగాపులగం చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. ఏది ముందు పట్టుకున్నారు? ఏది చివరిదాకా లాక్కెళ్లింది? ఏది మోసం చేసింది? ఊరికే పేర్లు చెప్పి వెళ్లిపోకండి, మీకేం జరిగిందో రాయండి.

పాతకాగితం
ముందు ఒక హెచ్చరిక. ఆ కుప్పలో ఫ్రేజర్ రాసిన ‘ది గోల్డెన్ బావ్’ ఉంటే దానితో మొదలుపెట్టకండి. నేను చేసిన తప్పు అదే. ఎత్తుగడ మాత్రం అద్భుతం: ఇటలీలో నేమి సరస్సు ఒడ్డున ఒక పవిత్ర వనం, అందులో కత్తి దూసి ఒక చెట్టు చుట్టూ కాపలా తిరిగే పూజారి. అతన్ని చంపినవాడే తర్వాతి పూజారి. డిటెక్టివ్ నవల చదువుతున్నట్టే ఉంటుంది. ఇక అక్కడి నుంచి ఆ ఒక్క చిక్కుముడి విప్పడానికి ప్రపంచమంతా తిప్పుతాడు. 1890లో 2 సంపుటాలుగా వచ్చింది, 1915 నాటికి 12 అయింది. నేను చదివింది 1922 నాటి సంక్షిప్త ప్రతి, అదీ ఇటుకంత. ఆరు నెలలు పట్టింది. చివరి వంద పేజీలు కేవలం పంతం మీద చదివాను.

ఒకటి మాత్రం మిగిలింది. బొమ్మను పొడిస్తే మనిషికి తగులుతుందనుకోవడం ఒక రకం మంత్రం, గోరో వెంట్రుకో దొరికితే ఆ మనిషే చేతికి చిక్కాడనుకోవడం రెండో రకం అని ఆయన చేసిన విభజన. ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది నాకిప్పుడు. కాకపోతే ఆయన ఎక్కడికీ వెళ్లి చూసినవాడు కాదు. గ్రంథాలయంలో కూర్చుని మిషనరీలూ ప్రయాణికులూ రాసినవి ఏరి కుట్టాడు. ఆచారాలను వాటి చోటు నుంచి పీకి పక్కపక్కన పెడితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి మరి.

దూలం
వెళ్లి చూసినవాడి పుస్తకం కావాలంటే ఎవాన్స్-ప్రిచర్డ్ 1937లో ఆఫ్రికాలోని అజాండే ప్రజల మంత్రవిద్య మీద రాసింది ఉంది. నేను కట్టడాల బలం లెక్కలు వేసే ఉద్యోగంలో ఉన్నాను, ఆ పుస్తకం నా చేతికి పొరపాటున వచ్చింది. అందులో గాదె సంగతి చదివాక ఆ రోజు పని సాగలేదు.

అజాండేల గాదెలు కర్ర స్తంభాల మీద నిలబడతాయి. ఎండవేళ జనం వాటి నీడన చేరతారు. స్తంభాలను చెదలు తింటాయి, ఎప్పుడో ఒకప్పుడు గాదె కూలి కిందివాళ్లకు దెబ్బలు తగులుతాయి. చెదలు తిన్నాయని వాళ్లకు తెలియదా అంటే బ్రహ్మాండంగా తెలుసు. వాళ్లడిగేది అది కాదు. సరిగ్గా వీళ్లు కూర్చున్నప్పుడే, ఈ గాదే ఎందుకు కూలాలి? అక్కడ చేతబడి వస్తుంది. నేను రాసే రిపోర్టులో ‘ఎలా కూలింది’ అన్నదానికే గడి ఉంటుంది. కూలిన చోట నిలబడ్డవాళ్లు నన్ను అడిగేది మాత్రం ఎప్పుడూ రెండో ప్రశ్నే.

1976 నాటి సంక్షిప్త ప్రతి చాలు. పెద్దది పరిశోధకులకు వదిలేయండి.

మోడుచిగురు
కర్ర, గాదె, చెదలు, చేతబడి. నా నాలుగు అరలూ ఒకే దెబ్బకు కూలాయి అండీ 😄

అటకమీద
నాది కొంచెం సిగ్గుపడాల్సిన అనుభవం. ఫ్రాన్సెస్ యేట్స్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ మెమరీ’ (1966) జ్ఞాపకశక్తి పెంచే పుస్తకం అనుకుని కొన్నాను. అప్పట్లో పరీక్షల టెన్షన్. తీరా చూస్తే అది వేల ఏళ్ల చరిత్ర.

దూలం గారూ, అది కూడా కూలిన ఇంటితోనే మొదలవుతుంది. విందు జరుగుతుండగా పైకప్పు పడి అతిథులు గుర్తుపట్టలేనంతగా నలిగిపోతే, సిమోనిడీస్ అనే గ్రీకు కవి ఎవరు ఎక్కడ కూర్చున్నారో తలచుకుని శవాలను గుర్తించాడట. చోటు గుర్తుంటే విషయం గుర్తొస్తుందన్న విద్యకు అదే పుట్టుక అని రోమన్ వక్త సిసెరో చెప్పిన కథ. మనసులో ఒక భవనం కట్టుకోవడం, గదికొక విషయం పెట్టడం, కావలసినప్పుడు నడిచివెళ్లి తెచ్చుకోవడం. 16వ శతాబ్దానికి వచ్చేసరికి ఆ భవనమే ఒక మంత్రయంత్రం అయిపోతుంది. ఉపన్యాసం గుర్తుపెట్టుకోవడానికి పుట్టిన విద్యతో జోర్డానో బ్రూనో అనే ఇటలీ తత్వవేత్త విశ్వం మొత్తాన్ని బుర్రలో పెట్టుకోవాలని చూస్తాడు. బ్రూనోలో మాంత్రికుణ్ణి యేట్స్ మరీ ఎక్కువ చేసి చూపించిందని తర్వాతి చరిత్రకారులు తప్పుపట్టారు. అయినా చదివిస్తుంది. రేమన్ లల్ అనే మధ్యయుగపు తత్వవేత్త మీది అధ్యాయం మాత్రం మొదటిసారి దాటేయండి, నేను అక్కడే మూడుసార్లు ఆగిపోయాను.

నేనుండే ఇంటినే భవనంగా పెట్టుకుని ప్రయత్నించాను కూడా. పరీక్ష గట్టెక్కింది. ఇప్పటికీ వంటగదిలోకి వెళ్తే థర్మోడైనమిక్స్ రెండో నియమం ఎదురొస్తుంది.

వేరుపురుగు
మోసం చేసినవి అడిగారు కదా. మోసం అనను గానీ, చెట్లు నేల కింద శిలీంధ్రాల దారాలతో మాట్లాడుకుంటాయి, తల్లిచెట్టు పిల్లలకు తిండి పెడుతుంది అని చెప్పే పుస్తకాలు చదివి నేను ఊగిపోయాను. కనిపించినవాళ్లందరికీ చెప్పాను. దీని వెనక నిజమైన పరిశోధన ఉంది: సుజాన్ సిమార్డ్ బృందం 1997లో ‘నేచర్’ పత్రికలో బర్చ్, డగ్లస్ ఫర్ మొక్కల మధ్య కార్బన్ చేతులు మారిందని చూపించింది. అయితే 2023లో అదే రంగంలోని ముగ్గురు శాస్త్రవేత్తలు లెక్కలన్నీ తిరగేసి, అడవిలో తల్లిచెట్టు పిల్లమొక్కల మీద ప్రేమ చూపిస్తుందనడానికి తగిన ఆధారాలు లేవని రాశారు. దారాలు ఉన్నాయి, వాటి పని మీదే తగువు. ఆ తగువు తెలిసి చదివితే పుస్తకం ఇంకా బాగుంటుంది.

అడవి మీద నన్ను మార్చిన మనిషి ఆలివర్ రాకమ్. ఇంగ్లండ్ అడవుల చరిత్రకారుడు, శైలి పొడిపొడిగా ఉంటుంది, మధ్యమధ్య వెటకారం. ఓడలు కట్టి అడవులు నాశనం చేశారన్న పాత మాటను ఆయన ఒప్పుకోడు. చాలా రకాల చెట్లను మొదలంటా కొడితే మోడు నుంచి పిలకలు వేస్తాయి, కొన్నేళ్లకు మళ్లీ కొట్టుకోవచ్చు. అలా కర్ర పనికొచ్చినన్నాళ్లూ అడవిని కాపాడుకున్నారు. నేల దున్నితేనే అది పోయింది. ఒక పాత కర్ర ఇంటికి ఎన్ని చెట్లు పట్టాయో దూలం దూలం లెక్కపెట్టాడు: 300కు పైగా, చాలావరకు సన్నవే. మహావృక్షాలు నరికి ఇల్లు కట్టారన్న బొమ్మ నా మనసులోంచి ఆ పేజీతో పోయింది.

దూలం
ఆ రాకమ్ చదివే నేను ఒక కథ మీద నమ్మకం పోగొట్టుకున్నాను. ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీ భోజనశాల దూలాలు పుచ్చిపోతే, 500 ఏళ్ల కింద కట్టినవాళ్లే వాటికోసం ఓక్ చెట్లు నాటి ఉంచారని తేలిన కథ. స్టూవర్ట్ బ్రాండ్ ‘హౌ బిల్డింగ్స్ లెర్న్’ (1994) లో ఉంది. పదిసార్లైనా చెప్పుంటాను. నిజమేమిటంటే ఆ దూలాల కోసమని ప్రత్యేకంగా నాటినవేమీ లేవు, చెట్లు కొట్టిన అడవి కాలేజీ చేతికి వచ్చిందే హాలు కట్టిన తర్వాత. రాకమ్ చెప్పే మామూలు అడవి అది: సన్నకర్ర ఎప్పటికప్పుడు కొట్టుకుంటూ, మధ్యలో ఓక్‌లను పెద్ద కలపకు వదిలేసేది.

బ్రాండ్ పుస్తకం మాత్రం వదలకండి. కట్టడం పూర్తయ్యాక ఏమవుతుందో చెప్పే పుస్తకాలు తక్కువ.

అటకమీద
అయ్యో, ఆ కథ నేను పెళ్లి ఉపన్యాసంలో వాడాను.

మట్టిపలక
ఇంతమంది రాశారు, మెసొపొటేమియా మట్టిపలకల మీద దొరికిన ప్రాచీన కావ్యం గిల్గమేష్ ఎవరూ ఎత్తలేదేం? మోడుచిగురు గారూ, ఆ కుప్పలో అది లేకపోతే ముందు అది తెచ్చుకోండి. నేను దాన్ని స్నేహం మీద, చావు మీద కావ్యంగానే చదివాను. రాబర్ట్ పోగ్ హారిసన్ ‘ఫారెస్ట్స్’ (1992) చదివాక అడవి కోసం వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను.

గిల్గమేష్ అనే రాజు, అతని స్నేహితుడు ఎన్కిడు దేవదారు అడవికి వెళ్తారు. దానికి హుంబాబా అనే కాపలాదారుడు ఉంటాడు, ఒంటి మీద భయంకరమైన తేజస్సులు కప్పుకుని. వాణ్ణి చంపి చెట్లు కొడతారు. ఇంతవరకు అందరికీ తెలుసు. కొట్టిన దేవదారుతో ఎన్కిడు ఒక పెద్ద తలుపు చేయిస్తాడు, ఎన్లిల్ దేవుడి గుడికి, నిప్పూరు నగరంలో. యూఫ్రటీస్ మీద తేలుకుంటూ పోతుంది అది. తర్వాత 7వ పలకలో, చావబోతూ, ఎన్కిడు ఎవరిని తిడతాడు? ఆ తలుపును. ఎదురుగా మనిషి ఉన్నట్టు దాన్ని పలకరించి, ఇలా అవుతుందని తెలిస్తే గొడ్డలి ఎత్తి నిన్ను ముక్కలు చేసేవాణ్ణి అంటాడు. ఇంటి తలుపుల వైపు చూడటం కొన్నాళ్లు ఇబ్బందైంది నాకు.

ఒక్క జాగ్రత్త: 2014 తర్వాత సవరించిన అనువాదమే తీసుకోండి. ఇరాక్‌లోని సులేమానియా మ్యూజియంలో దొరికిన 5వ పలక ముక్కను ఆ ఏడాదే ప్రచురించారు. అందులో అడవి నిండా చప్పుళ్లు: పక్షులు, కీచురాళ్లు, కోతులు, ఆ గోలంతా హుంబాబాకు రాజుగారి ముందు వాయించే సంగీతంలాగా. చెట్లు కొట్టాక ఎన్కిడు, అడవిని బీడు చేశాం, ఎన్లిల్‌కు ఏం జవాబు చెబుతాం అని గిల్గమేష్‌ని అడుగుతాడు. నా పాత ప్రతిలో ఇవేవీ లేవు.

కొత్తగావచ్చా
అందరికీ నమస్కారం. ఇవన్నీ లావు పుస్తకాలే. ఒక్క సాయంత్రంలో అయ్యేది ఏదైనా ఉందా?

పాతకాగితం
తానిజాకి ‘ఇన్ ప్రెయిజ్ ఆఫ్ షాడోస్’. 1933 నాటి జపనీస్ వ్యాసం, వంద పేజీలు కూడా ఉండదు. ఇల్లు కట్టుకుంటూ కరెంటు తీగలు ఎక్కడ దాచాలా అన్న తలనొప్పితో మొదలై నీడల అందం దగ్గరికి వెళ్తుంది. మరుగుదొడ్డి మీద అంత ఆప్యాయంగా రాసినవాణ్ణి నేను చూడలేదు.

తాళపత్రం
మట్టిపలక గారి తలుపుకు జోడీ ఒకటి నా దగ్గరుంది. వరాహమిహిరుడి ‘బృహత్సంహిత’, 6వ శతాబ్దం. జ్యోతిషం కోసమని తెరిచాను, విగ్రహానికి కలప తేవడానికి అడవిలోకి ఎలా వెళ్లాలో చెప్పే అధ్యాయం దగ్గర ఆగిపోయాను. శ్మశానంలో చెట్టు వద్దు, పిడుగు పడ్డది వద్దు, ఏనుగులు విరిచింది వద్దు, తేనెపట్టు ఉన్నది వద్దు. కొన్ని శకునం కోసం, కొన్ని కలప బాగుకోసం. ఏది ఎందుకో ఆయన విడదీసి చెప్పడు. ముందు రాత్రి చెట్టుకు పూజ చేసి, ఇందులో ఉండే భూతాలారా, బలి తీసుకుని వేరే చోటికి వెళ్లండి అని వేడుకోవాలి. కొట్టడం తెల్లవారాకే.

నన్ను పట్టేసింది మరో సూచన. కొట్టే ముందే చెట్టు మీద దిక్కులు, పైకొస కిందికొస గుర్తులు పెట్టుకోవాలి, ఎందుకంటే చెట్టు ఎలా నిలబడిందో విగ్రహం కూడా అలాగే నిలబడాలి. జపాన్‌లో హోర్యూజీ ఆలయాన్ని మరమ్మతు చేసిన వడ్రంగి నిషియోకా త్సునెకాజు చెప్పిన మాట కూడా ఇదే: చెట్టు పెరిగిన దిక్కులోనే దాన్ని వాడాలి, దక్షిణపు చెట్టు దక్షిణానికి.

దూలం
తాళపత్రం గారూ, అది వట్టి నమ్మకం అనలేం. ఎండ, గాలి ఒకవైపు నుంచి కొట్టిన చెట్టు కలప ఒకవైపుకే మెలి తిరుగుతుంది. ఎటు తిరుగుతుందో తెలిసినవాడు దాన్ని అటే వాడుకుంటాడు. పైకొస కిందికొస సంగతి మాత్రం నాకు కొత్త.

ఉడతసాయం
ఆలస్యంగా వచ్చాను. ఫ్రేజర్‌ను తిట్టినవాళ్లు కీత్ థామస్ ‘రెలిజియన్ అండ్ ది డిక్లైన్ ఆఫ్ మ్యాజిక్’ (1971) చూడండి. 700 పేజీలు. మొదటి పేజీ నుంచి చదివితే నాలాగే మునుగుతారు. నేను రెండోసారి వెనక సూచిక పట్టుకుని చదివాను: ఈ రోజు ‘దొంగతనం’, రేపు ‘అగ్నిప్రమాదం’. 16, 17 శతాబ్దాల ఇంగ్లండ్‌లో వస్తువు పోతే జనం మంత్రగాడి దగ్గరికి పరుగెత్తేవాళ్లు. ఆ మంత్రం ఎందుకు తగ్గిందంటే సైన్స్ వచ్చింది కాబట్టి అంటాం కదా. ఆయన కాదంటాడు. జబ్బుకు సరైన మందు రాకముందే మంత్రం మీద నమ్మకం సడలింది. ఎందుకు అన్నదానికి ఆయన జవాబులు నాకు పూర్తిగా ఆనలేదు, కానీ ఆ ప్రశ్న వదల్లేదు.

మోడుచిగురు
మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించండి. గాదె అయింది, తానిజాకి అయింది. ఉడతసాయం గారి సూచిక పద్ధతిలో థామస్ రోజుకో మాట నడుస్తోంది, నిన్న ‘గుర్రపు నాడా’. ఫ్రేజర్ కింది అరలో బరువుకు పనికొస్తున్నాడు. గిల్గమేష్ కొత్త అనువాదం వచ్చింది, 7వ పలక దాకా చదివాను, తలుపు దగ్గర ఆగాను.

అరలు మాత్రం ఇంకా సర్దలేదు. గిల్గమేష్‌ని ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల మీదే ఉంచాను.