షాపూర్ జిల్లాలో సర్కారు విత్తన గుర్రాలు రైతుకు నిజంగా ఉపకరించాయా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభించినవారు):

బ్రిటిష్ పంజాబులోని (నేటి పాకిస్తాన్‌లోని) షాపూర్ జిల్లాలో సర్కారు ఉంచిన విత్తన గుర్రాలు, అంటే సంతానం కోసం ఉంచిన మేలుజాతి మగ గుర్రాలు, అక్కడి రైతును పైకి తెచ్చాయని, గుర్రాల జాతిని బాగుచేశాయని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ అభిప్రాయాన్ని నేను అంగీకరించలేను. నా కారణాలు చెబుతాను. కాదనేవారు ఆధారంతో కాదనవలసిందిగా కోరుతున్నాను.

సైన్యానికి కావలసిన గుర్రాలను సొంత అశ్వశాలల్లోనే పెంచుకోవాలని ఈస్టిండియా కంపెనీ బీహారులోని పూసాలో చాలాకాలం ప్రయత్నించింది. 1808లో ఆ బాధ్యత చేపట్టిన విలియం మూర్‌క్రాఫ్ట్ మేలైన మగ గుర్రాల కోసం బుఖారా దాకా వెళ్ళి, తిరుగు దారిలో 1825లో మరణించాడు. ఖర్చుకు తగ్గ ఫలితం లేకపోవడంతో 1870లలో ఆ అశ్వశాలల పద్ధతిని ఎత్తివేసి, మగ గుర్రాలను మాత్రం సర్కారు కొని జిల్లాల్లో ఉంచడం, గోడిగలను, అంటే ఆడ గుర్రాలను, రైతులే పెంచుకోవడం అనే ఏర్పాటుకు మారారు. ఇంతవరకు అది రైతు ఇష్టానికి వదిలిన వ్యవహారమే. సర్కారు ఆమోదించి ముద్ర వేసిన గోడిగ ఉన్నవాడు తోలుకుపోయి రుసుము లేకుండా దాటించుకునేవాడు (జతకట్టించుకునేవాడు), లేనివాడు ఊరుకునేవాడు.

పరిస్థితి మారింది ఆ జిల్లాకు నీరిచ్చే లోయర్ జీలం కాలువతో. 1901లో ఆ కాలువకు నీరు వదిలారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1900-01లో, గుర్రాలు, కంచరగాడిదల పెంపకం మీద ఒక కమిషన్ కూర్చుంది. కొత్తగా సాగులోకి రాబోతున్న భూములను గుర్రాల పెంపకానికి ముడిపెట్టాలని అది సూచించింది. దాంతో మామూలు రైతులకు మామూలు షరతులతో ఇవ్వాలనుకున్న భూమిలో పెద్ద భాగం ‘ఘోడీపాల్’ భూమి అయింది. రైతు తన భూమికి లెక్కగా గోడిగను పెంచాలి, సర్కారు విత్తన గుర్రంతోనో మగ గాడిదతోనో దాటించాలి, పుట్టిన పిల్లను సైన్యపు కొనుగోలు అధికారులకు చూపాలి. గోడిగ చస్తే మరొకటి తెచ్చుకోవాలి. తప్పితే భూమికే ముప్పు. ఆ భూమిని కొడుకులందరూ పంచుకోవడానికి కూడా వీల్లేదు. ఒక్క వారసుడికే పోవాలి.

మగ గుర్రం సేవ ఉచితం అన్నారు. నా దృష్టిలో ఆ రుసుమును రైతు భూమి మీద హక్కు రూపంలో, తరతరాలుగా చెల్లించాడు. ఈ మాటను ఎవరైనా ఖండించగలిగితే వినాలని ఉంది.

గోశాల_వైద్యుడు:

కృష్ణాతీరం గారూ, షరతుల విషయంలో మీతో వాదన లేదు. కానీ విత్తనం నాణ్యతను మీరు ఒక్క మాటలో దాటేశారు. పశువైద్యుడిగా దాని గురించి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మేలుజాతి మగ గుర్రాన్ని ఒక రైతు సొంతంగా కొని పోషించడం ఏ దేశంలోనైనా కష్టం. షాపూర్ రైతుకు ఇంగ్లిష్ థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రం గాని, అరబ్బీ గుర్రం గాని అందుబాటులోకి రావాలంటే ఎవరో ఒకరు ఓడ ఖర్చు భరించాలి. సర్కారు భరించింది. ఇక దాటించే పని ఎలా ఉంటుందో చూడనివారికి చెబుతాను. గోడిగను ముందు ఒక బలమైన అడ్డకర్ర వెనుక నిలబెట్టి, అవతలి వైపుకు మరో మామూలు మగ గుర్రాన్ని తెస్తారు. ఎదలో లేని గోడిగ చెవులు వెనక్కి వాల్చి, కీచుగా అరిచి, అడ్డకర్రను తంతుంది. ఎదలో ఉన్నది తోక పక్కకు ఎత్తి, వెనుక కాళ్ళు ఎడం చేసి కదలకుండా నిలుస్తుంది. అప్పుడే దాని వెనుక కాళ్ళకు తాళ్ళు వేసి అసలు విత్తన గుర్రాన్ని తీసుకువస్తారు. ఈ పరీక్ష లేకుండా తొందరపడితే ఒక్క తాపుతో విలువైన మగ గుర్రం జీవితాంతం పనికిరాకుండా పోతుంది. దాటిన తేదీ పుస్తకంలో ఎక్కించి, సుమారు మూడు వారాలకు మళ్ళీ తెచ్చి చూస్తారు. ఎదకు రాకపోతే చూలు నిలిచిందని ఆశించవచ్చు. శిక్షణ పొందిన మనుషులు, తనిఖీ చేసిన జంతువు, రాసిపెట్టిన వంశక్రమం, ఈ మూడూ ఊళ్ళో దొరికేవి కావు.

ఇంకొక విషయం. ఆ ప్రాంతం గుర్రాలు తెలియని ప్రాంతం కాదు. నేజాబాజీ, అంటే పరుగెత్తే గుర్రం మీద నుంచి నేలలో పాతిన మేకును బల్లెంతో పెకలించే ఆట, అక్కడ నేటికీ బతికే ఉంది. టివానా వంశీకుల వంటి ఆశ్వికుల నేల అది. కాబట్టి గోడిగను పెంచడం వారికి బలవంతపు చాకిరీ మాత్రమే అని తేల్చడం ఆ మనుషుల ఇష్టాయిష్టాలను లెక్కచేయకపోవడమే.

ఒంగోలు_వాసి:

ఇద్దరికీ నమస్కారం. మన వైపు నుంచి ఒక పోలిక చర్చకు పనికివస్తుందనిపించింది. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో పెద్దవారు పోయినప్పుడు మంచి కోడెదూడను ఎంచి, అచ్చు వేసి దేవుడి పేర వదిలేసేవారు. అది ఎవరి చేలో మేసినా కొట్టేవారు కాదు. ఊళ్ళోని ఆవులన్నిటికీ అదే విత్తనం. బ్రెజిల్లో కోట్లలో పెరిగిన నెలోర్ పశుసంతతికి మూలమైన జాతిని నిలబెట్టినవాటిలో ఈ ఆచారం ఒకటి. ఇక్కడ విత్తనాన్ని ఊరు పోషించింది, ఆవు గలవాడి మీద ఏ షరతూ లేదు. అన్నిటికంటే ముఖ్యం, పుట్టిన కోడె ఆ రైతు కాడికే వచ్చేది. షాపూర్ రైతు గుర్రంతో దున్నేవాడా?

కృష్ణాతీరం:

ఒంగోలు_వాసి గారు అడిగిన ప్రశ్న దగ్గరే నా సమాధానం మొదలవుతుంది. దున్నేవాడు కాదు. పంజాబులో నాగలి లాగింది, కాలువ రాని చోట బావిలో నీరు తోడింది ఎద్దులు, కొన్ని చోట్ల ఒంటెలు. గోడిగ మీద ఎక్కి సంతకో పెళ్ళికో వెళ్ళవచ్చు; పొలానికి మాత్రం దానితో పని లేదు.

అదే కాలంలో బ్రిటిష్ వలసలైన న్యూ సౌత్ వేల్స్, న్యూజిలాండ్ వ్యవసాయ జిల్లాలను చూడండి. అక్కడ దుక్కి, కోత, బండి అన్నీ గుర్రం మీదే నడిచాయి. వసంతం వచ్చేసరికి మగ గుర్రాల యజమానులు స్థానిక పత్రికల్లో గుర్రం పేరు, తండ్రి తల్లి పేర్లు, గెలిచిన బహుమతులు, గినీలలో రుసుము, సాయిసుకు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషికి, ఇవ్వవలసిన చిల్లర, గోడిగను మేతకు ఉంచితే వారానికి ఎంత అన్నీ ప్రకటించేవారు. క్లైడ్స్‌డేల్ వంటి బరువు లాగే గుర్రాన్ని సాయిసు ఊరి నుంచి ఊరికి ముందే చెప్పిన రోజుల ప్రకారం నడిపించుకుంటూ రైతు వాకిట్లోకే తెచ్చేవాడు. రైతు నలుగురి గుర్రాలను చూసి, బేరమాడి, నచ్చనిదాన్ని వద్దనగలిగేవాడు. అక్కడ రుసుము ఉంది, స్వేచ్ఛ కూడా ఉంది.

షాపూర్‌లో మగ గుర్రం తన స్థావరంలోనే ఉంటుంది; రైతే గోడిగను నడిపించుకుని పోవాలి. వైద్యుడు గారు చెప్పిన మూడు వారాల పరీక్షను దీనికి కలిపి చూడండి. పగలు పొడుగయ్యే కాలంలోనే గోడిగలు క్రమంగా ఎదకు వస్తాయి, అంటే ఫాల్గుణ చైత్రాల నుంచి. పంజాబులో గోధుమ కోత పడేది కూడా ఏప్రిల్‌లోనే. చూలు పదకొండు నెలలు. ఈనిన తొమ్మిది పది రోజులకే గోడిగ మళ్ళీ ఎదకు వస్తుంది కనుక మరుసటి ఏడు కూడా ఆ తిరుగుడు కోత రోజుల్లోకే వచ్చి పడుతుంది. కూలీలు దొరకని, ఎండకు గింజ రాలిపోయే ఆ రోజుల్లో ఇంటి మగమనిషి ఒకడు చిన్న పిల్లను వెంటేసుకున్న గోడిగను పట్టుకుని మైళ్ళ దూరం పోయి, ఎదలో లేదంటే తిరిగి వచ్చి, మళ్ళీ పోవాలి. ఈ శ్రమకు ఎవరూ వెల కట్టలేదు.

విత్తనం నాణ్యత గురించి కూడా ఒక మాట. మగ గాడిదతో దాటిస్తే పుట్టే కంచరగాడిద గొడ్డుది. కొండల్లో ఫిరంగులు మోసే దళాలకు అది ఎంతో అవసరం, దానికి ధర కూడా పలికేది. కానీ ఆ గోడిగ వంశం ఆ ఏటికి అక్కడే ఆగిపోతుంది. జాతిని బాగుచేయడమే ఉద్దేశమైతే మేలైన గోడిగలను గాడిదలకు కట్టడం దేనికి? సర్కారుకు కావలసింది సైన్యానికి సరుకు. అది తప్పని నేను అనను. దాన్ని రైతు మేలు అని పిలవడమే నాకు సమ్మతం కాదు.

గోశాల_వైద్యుడు:

కోత కాలం గురించిన మీ వాదన బలమైనది, దానికి నా దగ్గర జవాబు లేదు. కంచరగాడిదల విషయం మాత్రం ఒప్పుకోను. ఎత్తు తక్కువైన, సవారీకి పనికిరాని గోడిగకు మగ గాడిదే సరైన జోడు. అశ్వదళానికి పనికిరాని పిల్లను మిగుల్చుకోవడం కంటే, చిన్న వయసులోనే అమ్ముడుపోయే కంచర పిల్ల రైతుకు నయం.

ఆస్ట్రేలియా పోలిక కూడా పూర్తిగా సరిపోదు. అక్కడి బజారులో మిగిలిన గుర్రాలే 1830ల నుంచి ఓడలెక్కి మద్రాసుకు, కలకత్తాకు వచ్చి ‘వేలర్’ అన్న పేరుతో మన అశ్వదళాలను నింపాయి. మన తెలుగువారు ఎక్కువగా ఉండే హొసూరులో 1824లో సైన్యం కోసం పెట్టిన గుర్రాల క్షేత్రం చివరికి పశువుల క్షేత్రంగా మిగిలింది. సముద్రం మీద దారి మూసుకుంటే గుర్రం దొరకదన్న భయం ఏ సర్కారుకైనా ఉంటుంది. షాపూర్‌లో అలా ఆలోచించినవారు రైతుకు బదులుగా కాలువ నీరున్న భూమిని ఇచ్చారు. నీరు లేని జిల్లాల నుంచి వచ్చినవాడికి అది చిన్న బదులు కాదు. అందుకే గోడిగ భారమైనా భూమిని వదిలిపోయినవారు అరుదు.

కృష్ణాతీరం:

వదిలిపోకపోవడం సమ్మతికి గుర్తు కాదని నా విన్నపం. వెనక్కి పోతే వాడికి ఏముంది?

కానీ మీరు ‘బదులు’ అన్నారు కనుక, ఆ బదులు ఎవరికి అందిందో చూద్దాం. ఒక ఇంట్లో ముగ్గురు కొడుకులు. ముగ్గురూ అడవి కొట్టారు, కాలువ తవ్వారు, గోడిగకు గడ్డి కోశారు. తండ్రి పోగానే భూమి ఒక్కడిది. పంజాబు ఆచారంలో కొడుకులందరికీ సమాన భాగం ఉండగా, గోడిగను పోషించే స్తోమత తగ్గకూడదన్న ఒకే కారణంతో ఆ ఆచారాన్ని పక్కన పెట్టారు. చీనాబ్ కాలువ భూముల మీద 1906లో తెచ్చిన బిల్లు రైతు హక్కులకు, వారసత్వానికి అడ్డం వస్తుందనే అజిత్ సింగ్ వంటివారు రైతులను కూడగట్టారు. ఆయనను, లజపతిరాయ్‌ను మాండలేకు పంపిన 1907లోనే, మే నెలలో, వైస్రాయ్ మింటో ఆ బిల్లుకు ఆమోదం నిరాకరించవలసి వచ్చింది. చీనాబ్ రైతుకు అలా ఊరట దక్కింది. పొరుగునే ఉన్న ఘోడీపాల్ రైతుకు ఒక్క వారసుడి నియమం అలాగే నిలిచింది, ఎందుకంటే అతని భూమి మీద హక్కు సైన్యానిది. దేశ విభజన తరువాత కూడా ఆ ప్రాంతంలోనే ఉన్న మోనా అనే చోటి అశ్వక్షేత్రం పాకిస్తాన్ సైన్యం కిందే నడుస్తోంది.

కాబట్టి వైద్యుడు గారిని నేను అడిగేది ఒక్కటే: విత్తనం ఎంత మేలైనదైనా, ఆ ఇంటి రెండో కొడుక్కి, మూడో కొడుక్కి దాని వల్ల దక్కినదేమిటి?

గోశాల_వైద్యుడు:

ఏమీ లేదు. వారసత్వ నియమాన్ని నేను సమర్థించను, సమర్థించలేను కూడా. ఆ నియమం లేకుండా, ముద్ర వేసిన గోడిగ ఉన్నవాడు ఇష్టమైతే వచ్చే పాత ఏర్పాటునే కాలువ భూముల్లోనూ కొనసాగించి ఉంటే, అవే మగ గుర్రాలు రైతుకు ఉపకరించేవన్నది మాత్రం నా అభిప్రాయం. దానిమీద మీరేమంటారో చెప్పండి.