ప్యాకేజీల ఇన్‌స్టాల్ స్క్రిప్టులు మన అనుమతి లేకుండా నడవవచ్చా?

చర్చ ప్రారంభం

జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులకు ఇతరులు రాసిన కోడ్ ప్యాకేజీలను (లైబ్రరీలను) తెచ్చిపెట్టే సాధనం, అంటే ప్యాకేజీ మేనేజర్, ఎన్‌పీఎం. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని కొట్టగానే అది మనం అడిగిన లైబ్రరీలను, వాటికి కావలసిన లైబ్రరీలను వెతికి, రిజిస్ట్రీ (ప్యాకేజీలు ఉండే ఆన్‌లైన్ నిల్వ) నుంచి దించుకుని, వాడే వెర్షన్లను నమోదు చేసే లాక్ ఫైల్‌లోని హ్యాష్‌తో (ఫైల్ మారలేదని తేల్చే గుర్తుతో) సరిచూసి, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో విప్పుతుంది. అంతటితో ఆగితే పేచీ లేదు. కానీ ఆ ప్యాకేజీల్లో ప్రీఇన్‌స్టాల్, పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు (ఇన్‌స్టాల్‌కు ముందు, తర్వాత నడిచే ఆదేశాలు) ఉంటే, మనల్ని అడగకుండా వాటినీ నడపడం ఏళ్ల తరబడి దాని అలవాటు. 2021 అక్టోబరులో యూఏ-పార్సర్-జేఎస్ అనే ప్యాకేజీ నిర్వాహకుడి ఖాతాను చేజిక్కించుకున్నవారు ప్రీఇన్‌స్టాల్ ద్వారానే క్రిప్టో మైనర్‌ను (ఇతరుల యంత్రంతో క్రిప్టో కరెన్సీ సంపాదించే ప్రోగ్రామ్‌ను) జనం కంప్యూటర్లలోకి ఎక్కించారు. 2025 జనవరిలో వచ్చిన పీఎన్‌పీఎం 10 (ఎన్‌పీఎం లాంటి మరో సాధనం) మాత్రం మనం అనుమతించిన డిపెండెన్సీల (మన ప్రాజెక్టు ఆధారపడే ప్యాకేజీల) స్క్రిప్టులనే నడుపుతుంది. ప్రతి ప్యాకేజీ మేనేజరూ ఇలాగే ఉండాలని నా వాదన.

స్పందన 1

ఉద్దేశం మంచిదే గానీ ఫలితం మీద నాకు నమ్మకం లేదు. బెటర్-ఎస్‌క్యూలైట్3 అనే డేటాబేస్ ప్యాకేజీలో సీ++ కోడ్ ఉంటుంది. మన యంత్రానికి తగిన బైనరీని (ముందే కంపైల్ చేసిన ఫైల్‌ను) తెచ్చేదీ, అది దొరకనప్పుడు కంపైల్ చేసేదీ ఇన్‌స్టాల్ స్క్రిప్టే. దాన్ని ఆపితే ఇన్‌స్టాల్ సాఫీగా ముగిసినట్టు కనిపించి, ప్రోగ్రామ్ నడిపేటప్పుడు ఎర్రర్ వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు అక్కడే చిక్కుకుపోతారు. పైగా 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ వెంట వచ్చిన ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అనే హానికర ప్యాకేజీకి ఇన్‌స్టాల్ స్క్రిప్టుతో పనే పడలేదు, హానికర కోడ్ లైబ్రరీలోనే ఉంది. వీధి తలుపు మూసి దొడ్డి తలుపు తెరిచి ఉంచితే ఏం లాభం?

స్పందన 2 (చర్చ ప్రారంభించినవారు)

దొడ్డి తలుపు సంగతి నిజమే, అయితే కోడ్ ఎక్కడ నడుస్తుందన్నది చూడాలి. బ్రౌజర్‌లో తేదీలు చూపించే చిన్న లైబ్రరీ కోడ్, వాడుకరి పేజీ తెరిచినప్పుడు, బ్రౌజర్ కట్టడిలోనే నడుస్తుంది. అదే లైబ్రరీకి నాలుగు మెట్ల కింద ఉన్న ఏదో డిపెండెన్సీలో పోస్ట్‌ఇన్‌స్టాల్ అనే ఒక్క వరుస చేరితే, అది డెవలపర్ హక్కులన్నిటితో నడిచి హోమ్ ఫోల్డర్‌లోని ఎన్‌పీఎం టోకెన్‌ను (ప్యాకేజీలు ప్రచురించే తాళం లాంటిది), ఎస్‌ఎస్‌హెచ్ కీలను (సర్వర్లలోకి లాగిన్ అయ్యే రహస్య ఫైళ్లు) చదవగలదు. 2025 సెప్టెంబరులో షాయ్-హులూద్ అనే వార్మ్ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రామ్) పోస్ట్‌ఇన్‌స్టాల్‌లోనే నడిచి, దొరికిన టోకెన్లతో ఆ డెవలపర్ల ఇతర ప్యాకేజీలనూ కలుషితం చేసి రిజిస్ట్రీకి ఎక్కించింది. ఇక బైనరీల విషయానికొస్తే, ఈఎస్‌బిల్డ్, షార్ప్ వంటి ప్యాకేజీలు ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కు సిద్ధం చేసిన బైనరీని వేరే ప్యాకేజీగా పెట్టి, ఐచ్ఛిక డిపెండెన్సీగా (యంత్రానికి సరిపడితేనే దిగేదిగా) అందిస్తున్నాయి. అలా చేయలేని ప్యాకేజీలకు అనుమతి అడగడం భారమేమీ కాదు. మీరు చెప్పిన కొత్తవారి కోసం, ఆపేసిన స్క్రిప్టు పేరును ఇన్‌స్టాల్ చివర స్పష్టంగా చూపించాలి.

స్పందన 3 (స్పందన 1 రాసినవారు)

టోకెన్ల వాదనకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక చిక్కు మిగిలింది. ప్యాకేజీ పేరు మీద ఇచ్చిన అనుమతి దాని రాబోయే వెర్షన్లన్నిటికీ వర్తిస్తే, రేపు ఆ నిర్వాహకుడి ఖాతాయే దొంగల చేతికి చిక్కినప్పుడు మనం పెట్టుకున్న జాబితాయే వారికి దారి ఇస్తుంది. అనుమతిని వెర్షన్‌కు ముడిపెట్టి, ఆ జాబితాను కోడ్‌తో పాటే రిపోజిటరీలో ఉంచి, అందులో మార్పు జరిగినప్పుడల్లా మరొకరు సమీక్షించేటట్లయితే నేను మీ పక్షమే.