ఎర్ర మారుతి 800 బానెట్ పాలిపోయింది, పాలిష్‌తో వస్తుందా లేక రీపెయింటేనా?

అందరికీ నమస్తే. మాది విజయవాడ. నాన్నగారి పాత మారుతి 800, ఎరుపు. షెడ్డు లేక ఏళ్ల తరబడి ఎండలోనే ఉంది, బానెట్టూ రూఫూ పాలిపోయి గులాబీ రంగుకి వచ్చేశాయి, చెయ్యి రాస్తే ఎర్రటి పొడి అంటుకుంటోంది. డోర్లు బానే ఉన్నాయి. పెయింటర్ చూడగానే ఫుల్ పెయింట్ అన్నాడు, నాకేమో కంపెనీ పెయింట్ తీయించడం అస్సలు ఇష్టం లేదు. బోరు నీళ్ల తెల్ల మచ్చలు కూడా ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు 1
తొందరపడి పెయింట్ వేయించకండి. బానెట్ మీద నీళ్లు పోసి చూడండి, తడిగా ఉన్నంతసేపు అసలు ఎరుపు కనబడితే కింద రంగు బతికే ఉన్నట్టు. చేతికి ఎర్ర పొడి వస్తోందంటే పైన క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) లేని పెయింటే, పాత సాలిడ్ కలర్ (మెటాలిక్ మెరుపు లేని రంగు) బండ్లు చాలావరకు అంతే, ఇవి పాలిష్‌కి బాగా లొంగుతాయి. క్లియర్ కోట్ ఉన్న బండికి ఆ పొర పొట్టులా లేచిపోతే మాత్రం పాలిష్ పనిచేయదు, అక్కడ రీపెయింటే గతి.

జవాబు 2
పైన అన్నది కరెక్టే కానీ ఒక్కమాట అన్నా, మెషీన్ విషయం జాగ్రత్త. రోటరీ పాలిషర్ (ప్యాడ్ ఒకే అక్షం మీద గుండ్రంగా తిరిగేది) ఒకేచోట తిప్పితే వేడెక్కి పెయింట్ కాలిపోతుంది. అలవాటు లేకపోతే డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషర్ తీసుకో, దాని ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగుతుంది. అంచుల దగ్గర, బానెట్ మీద ఉబ్బెత్తు మడతల మీద పెయింట్ పల్చగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేప్ వేసెయ్. ముందు షాంపూ వాష్, తర్వాత క్లే బార్ (పెయింట్‌కి అతుక్కున్న మురికి లాగే బంకమట్టి ముద్ద), ఆ తర్వాతే కాంపౌండ్ (పై పొరని అరగదీసే పాలిష్ పేస్టు), అదీ బండి నీడలో చల్లగా ఉన్నప్పుడే. మొత్తం మీద పడకుండా ఒక మూల జానెడు చోటు చేసి చూడు, అక్కడ వస్తే మిగతాదంతా వస్తుంది. గోరు తగులుకునే గీతలు మాత్రం వదిలెయ్, వాటికోసం రుద్దితే రంగు కింది ప్రైమర్ పొర బయటపడుతుంది.

జవాబు 3
బోరు నీళ్ల మచ్చలకి తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఒకట్రెండు నిమిషాలు ఉంచి, వెంటనే మంచినీళ్లతో కడగండి. పెయింట్‌ని తినేసిన మచ్చయితే పాలిష్‌తోనే తగ్గాలి.

అడిగినవారు
నీళ్లు పోశానండీ, ముదురు ఎరుపు కనిపించింది! చాలా సంతోషంగా ఉంది. పాలిష్ అయ్యాక కవర్ కప్పితే చాలా?

జవాబు 1
చాలదండీ, వ్యాక్స్ లేకపోతే ఈ పెయింట్ మళ్లీ పాలిపోతుంది, రెండు మూడు నెలలకోసారి పెట్టాల్సిందే. కవర్ కూడా దుమ్ము మీద కప్పొద్దు, గాలికి కదిలినప్పుడల్లా గీతలు పడతాయి. కడిగి, ఆరాక కప్పండి.