విజయవాడలో మంచి మ్యారేజ్ కౌన్సెలర్‌ని ఎలా వెతుక్కోవాలి? అసలు కౌన్సెలింగ్ వల్ల ఉపయోగం ఉంటుందా?

పటమట అమ్మాయి:

అందరికీ నమస్కారం అండి. మాకు పెళ్లై ఆరేళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. మా వారి ఉద్యోగం గుంటూరులో, పొద్దున ఏడింటికి ట్రైన్ ఎక్కితే మళ్లీ ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. తాగుడు లేదు, కొట్టుకోవటాలు తిట్టుకోవటాలు లేవు, మాటలే లేవు. వచ్చి కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చుని ఫోన్ చూసుకుంటూ తింటారు, ఏదైనా అడిగితే "ఊ" అంటారు. మొన్న పప్పులో ఉప్పు వేయటం మర్చిపోయాను, అత్తయ్యగారు మొదటి ముద్దకే చెప్పారు, ఈయన మాత్రం కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఉప్పు లేదని ఒక మాట అన్నా బాగుండేది, ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను.

ఆర్నెల్ల కిందట మా మేనమామ, వాళ్ల పెదనాన్నగారు కూర్చోబెట్టి మాట్లాడారు. రెండు గంటలు అయ్యాక "అమ్మాయ్ నువ్వు సర్దుకో, అబ్బాయ్ నువ్వు కాస్త మాట్లాడుతూ ఉండు" అని చెప్పి టీ తాగి వెళ్లారు. వారం రోజులు బాగానే ఉంది, తర్వాత మామూలే, పైగా ఇంటి విషయం నలుగురిలో పెట్టానని ఆయనకి కోపం మిగిలింది. కౌన్సెలింగ్‌కి వెళ్దాం అంటే "మనం విడాకులు తీసుకుంటున్నామా, అది కోర్టుకెళ్లేవాళ్లకి" అంటున్నారు. నిజంగా అంతేనా అండి? పెద్దమనుషులు చేసేదానికీ దీనికీ తేడా ఏంటి? బోర్డు చూసి వెళ్లిపోవచ్చా? ఆయన రానంటే నేనొక్కదాన్నే వెళ్లినా లాభం ఉంటుందా?

బ్రాడీపేట నాలుగో లైను:

అమ్మా, రెండేళ్ల కిందట మీ వారిలాగే ఉన్నది నేను, అందుకే రాస్తున్నా. మా ఆవిడ బతిమాలితే వెళ్లాను, ఒక్కసారి వెళ్లి వచ్చేస్తే గొడవ వదిలిపోతుందనుకున్నా.

మొదట వెళ్లినాయన దగ్గర మాకు కుదరలేదు, అరగంట మా ఆవిడకి ఆడవాళ్లు ఎలా ఉండాలో క్లాసు చెప్పారు, అది మీ మేనమామగారు చెప్పిందే కదా. మళ్లీ వెళ్లలేదు. రెండోసారి దొరికినావిడ తప్పెవరిదని ఒక్కసారి కూడా తేల్చలేదు. మా ఆవిడని మూడు నిమిషాలు మాట్లాడమన్నారు, నన్ను జవాబు చెప్పొద్దన్నారు, తను ఏమందో తిరిగి చెప్తే చాలన్నారు. నేను "నువ్వు మీ అమ్మ వైపే ఉంటావు అంటోందండి" అన్నాను. "ఆమె అలా అనలేదు, మళ్లీ వినండి" అన్నారు. ఇంకోసారీ తప్పే చెప్పాను. మూడోసారికి గానీ నాకు వినపడలేదు. మా అమ్మకి జ్వరం వచ్చినప్పుడు తను రాత్రంతా పక్కన కూర్చుందట, పొద్దున లేచి నేను అమ్మకి ఎలా ఉందని అడిగాను గానీ నువ్వు పడుకున్నావా అని అడగలేదట. తను అన్నది అంతే. ఆ మాట నా నోటితో చెప్పేసరికి నాకు గొంతు పట్టుకుపోయింది.

మీ వారు ఎందుకు మాట్లాడరో నాకు తెలియదు గానీ నా సంగతి చెప్తా, నోరు తెరిస్తే గొడవవుద్దని మూసుకునేవాణ్ని, నేను మూసుకునేకొద్దీ నేనంటే లెక్కలేదని తను ఇంకా గుచ్చి గుచ్చి అడిగేది, అడిగేకొద్దీ నేను ఇంకా బిగుసుకుపోయేవాణ్ని. ఆవిడ దీన్ని కాగితం మీద గుండ్రంగా గీసి చూపించారు, ఎక్కడ మొదలైందో వెతికే పని లేదు, ఇద్దర్లో ఎవరు ఆగినా ఆగుతుంది అని. మొత్తం ఎనిమిది సార్లు వెళ్లాం. మూడో వారం మాత్రం ఇంట్లో ముందుకన్నా ఎక్కువ గొడవైంది, పాతవన్నీ పైకొస్తాయి, అక్కడ మానేయకండి. ఆయన్ని అడిగేటప్పుడు మీలో లోపం ఉందన్నట్టు కాకుండా నా కోసం ఒక్కసారి రండి అనండి, నేను ఆ మాటకే కదిలాను.

లబ్బీపేట అక్క:

చెల్లెమ్మా, నేను ఈ పనిలోనే ఉన్నాను. బోర్డు చూసి మాత్రం వెళ్లొద్దు. మన దేశంలో మ్యారేజ్ కౌన్సెలర్ అని పెట్టుకోవటానికి ప్రత్యేకంగా లైసెన్స్ ఏమీ లేదు. క్లినికల్ సైకాలజిస్టులకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబర్ అడగండి, మంచివాళ్లు ఏమీ అనుకోరు. దంపతులతో ఎన్నాళ్లుగా పని చేస్తున్నారు, విడిగా చెప్పినవి రెండోవాళ్లకి చెప్తారా, ఫీజు ఎంత, ఇవన్నీ ఫోన్లోనే అడిగేయండి. సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ సైకియాట్రిస్టు క్లినిక్‌లకి ఫోన్ చేసి కపుల్స్‌ని చూసే సైకాలజిస్టు ఉన్నారా అని అడిగితే దారి దొరుకుతుంది. ఆయనకి గుంటూరు దగ్గరైతే అక్కడే పెట్టుకోండి, ట్రైన్ దిగి మళ్లీ ఎక్కడికో వెళ్లాలంటే రెండో వారానికే మానేస్తారు.

ఇంకొకటి, ఆయనకి నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో, ముందు ఇష్టపడినవాటి మీద ఇప్పుడు ఆసక్తి పోయిందేమో చూడు. ఒక్కోసారి మనం మొండితనం అనుకునేది డిప్రెషన్ అయి ఉంటుంది, అప్పుడు ముందు డాక్టర్‌కి చూపించాలి, గవర్నమెంట్ హాస్పిటల్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది. 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, నువ్వొక్కదానివే ఈ రాత్రికే చేయొచ్చు.

అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్టు దంపతుల్ని కూర్చోబెట్టి మాట్లాడించి ఏళ్ల తరబడి గమనించారు. కాపురాన్ని తినేసేవి నాలుగని చెప్పారు, మనిషినే తప్పుపట్టటం, చులకన చేయటం, ప్రతిదానికీ తనని సమర్థించుకోవటం, గోడలా బిగుసుకుపోవటం. ఆ గోడలా ఉన్న మనిషికి చాలాసార్లు లోపల గుండె దడదడలాడుతూ ఉంటుంది, ఆ టైంలో ఏం చెప్పినా తలకెక్కదు, కనీసం 20 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టమంటారు. దంపతుల గొడవల్లో 69 శాతం దాకా ఎప్పటికీ పూర్తిగా తీరేవి కావని కూడా ఆయన లెక్క. నాకు ఈ మాట చాలా ఇష్టం, ఎందుకంటే తీర్చేయాలనే పంతం పోయాకే చాలామంది నా ముందు నెమ్మదిగా మాట్లాడుకోవటం మొదలుపెట్టారు.

కోర్టు సంగతికొస్తే, ఆయన అన్నది పూర్తిగా తప్పు కాదు, 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం కోర్టు ముందు రాజీకి ప్రయత్నించాలి, అందుకే అక్కడ కౌన్సెలింగ్ ఉంటుంది. కానీ అది కేసు వేశాక. నువ్వొక్కదానివే వెళ్లినా ఉపయోగమే, నువ్వు అడిగే తీరు మారితే అటువైపు కూడా ఎంతో కొంత కదులుతుంది.

అరండల్‌పేట లాయరు:

మీ విషయం కాదు గానీ ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని చెప్తున్నా. కొట్టటం, బెదిరించటం ఉన్న ఇంట్లో ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టొద్దు, అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికెళ్లాక దెబ్బలు తిన్నవాళ్లని చూశాను. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, 2005 గృహహింస చట్టం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు.

పటమట అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. అక్కా, రాత్రి 14416కి చేశాను, ఇరవై నిమిషాలు ఓపిగ్గా విన్నారు. బ్రాడీపేట అన్నయ్యగారు రాసింది మా వారికి చూపించాను, రెండుసార్లు చదివి ఫోన్ నా చేతికిచ్చి పడుకున్నారు, ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు. ఇవాళ పొద్దున గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ "ఆవిడ శనివారం సాయంత్రం ఉంటారేమో కనుక్కో" అన్నారు. అన్నయ్యగారూ, ఆవిడ నంబర్ కాస్త పర్సనల్‌గా పంపుతారా?

బ్రాడీపేట నాలుగో లైను:

పంపానమ్మా, చూసుకోండి. శనివారాలు ఉంటారు, కాకపోతే ముందే ఫోన్ చేసి టైం తీసుకోండి.