కుక్కపిల్ల పాపను కొరుకుతోంది: ఉంచుకోవాలా, పొలానికి పంపాలా?

బత్తాయి తోట (నల్లగొండ)
అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో పిల్లలు పట్టుబడితే ల్యాబ్రడార్ పిల్లను తెచ్చాం. పేరు రాజా. అప్పుడు రెండు నెలలది, ఇప్పుడు మూడో నెల నిండుతోంది. బాబు నాలుగో తరగతి, పాపకు ఐదేళ్లు. బాబుతో బాగానే ఉంటుంది. పాప కనబడితే మాత్రం గౌను అంచు పట్టుకుని గుంజుతుంది, పిక్కలు కొరుకుతుంది. పాప చేతుల నిండా పళ్ల గీతలే. ఒకసారి రక్తం కూడా వచ్చింది. రాత్రిళ్లు ఏడుపు, ఇల్లంతా ఉచ్చ. ఇంట్లో రోజూ ఇదే గొడవ. నిడమనూరు దగ్గర మా అన్న పొలం ఉంది, అక్కడ బోరు దగ్గర ఉంచుకుంటామంటున్నారు. మా ఆవిడ పంపేయమంటోంది. పిల్లలేమో ఏడుస్తున్నారు. చిన్నపిల్లలున్న ఇంట్లో కుక్కను పెంచినవాళ్లు చెప్పండి, ఈ కొరుకుడు తగ్గుతుందా? ఉంచుకోవాలా, పంపాలా?

జడ్చర్ల చౌరస్తా
కుక్క ఇంట్లో ఎందుకన్నా? గేటు దగ్గర గొలుసు వేసి కట్టెయ్. కాపలా కూడా ఉంటది.

మెట్టుగడ్డ మాస్టారు (మహబూబ్‌నగర్)
పంపకండి. తప్పకుండా తగ్గుతుంది. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి, సూదుల్లా ఉంటాయి. నాలుగో నెల దగ్గర ఊడటం మొదలై, ఆరేడు నెలలకు 42 గట్టి పళ్లు వస్తాయి. అప్పటిదాకా చిగుళ్లు దురదపెడతాయి కాబట్టి ఏది దొరికితే అది కొరుకుతుంది. అది కోపం కాదు. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర అలాగే ఆడుకుంది, మీ పాపను కూడా తోటి పిల్ల అనుకుంటోంది.

బాబును వదిలి పాపనే ఎందుకు పట్టుకుంటోందో గమనించండి. పాప కేక వేసి పరుగెత్తుతుంది కదా? గౌను అంచు ఊగుతుంది కదా? కుక్కపిల్లకు అంతకంటే మంచి ఆట లేదు. అది దగ్గరికి రాగానే పరుగెత్తకుండా, చేతులు కట్టుకుని, మొహం తిప్పుకుని నిలబడమని పాపకు నేర్పండి. పెద్దవాళ్లు ఒకరు వెంటనే వెళ్లి నోటికి ఇంకేదైనా ఇవ్వాలి. పాత టవల్ ముక్కను తడిపి, ముడివేసి, ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వండి. చల్లదనానికి చిగుళ్లకు హాయిగా ఉంటుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఈ వయసు పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. పిల్లలు బడి నుంచి రాగానే దాన్ని లేపి, ఎత్తుకుని, పక్కింటి పిల్లలకు చూపించి, రాత్రి దాకా వదలరు. నిద్ర చాలని పిల్ల ఇంకా ఎక్కువ కొరుకుతుంది. సాయంత్రం ఏడింటికి దాని పళ్ల జోరు పెరుగుతోందంటే కారణం అదే. ఒక మూల గోనెసంచి పరిచి, అది పడుకున్నప్పుడు అటు ఎవరూ వెళ్లకూడదని ఇంట్లో గట్టిగా చెప్పండి.

చౌరస్తా గారూ, రెండు మూడు నెలల పిల్లను గొలుసుకు కట్టేస్తే భయం ముదురుతుంది. ఆ భయంతో పెరిగిన కుక్కే రేపు నిజంగా కరుస్తుంది.

మూసీ కాలువ (నకిరేకల్)
తోట అన్నా, రక్తం వచ్చిందన్నావు. పాపకు రేబిస్ ఇంజెక్షన్ వేయించావా? దానికి ముందు జవాబు చెప్పు.

మెట్టుగడ్డ మాస్టారు
ఇంట్లో పెరిగే రెండు నెలల పిల్లకు రేబిస్ ఎక్కడిది? లేనిపోని టెన్షన్ పెట్టకండి. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా కుక్కలున్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు.

మూసీ కాలువ
మీకు ఏమీ కాకపోతే రేబిస్ లేనట్టేనా సార్? కుక్కపిల్లకు రేబిస్ టీకా వేసేదే మూడు నెలలకు. అంటే రాజాకు ఇంకా పడలేదు. ఇక్కడికి రాకముందు దాని తల్లి ఎక్కడ తిరిగిందో, దాన్ని ఏ కుక్క కరిచిందో మీకు తెలుసా? చర్మం గీరుకుపోయినా టీకా వేయించాలి. రక్తం వస్తే టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రక్షణనిచ్చే మందు) కూడా ఇవ్వాలి. సర్కారు దవాఖానలో ఇవి ఉచితం. చేతి చర్మంలోకి వేసే టీకా మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. అన్నిటికంటే ముందు సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి.

పిల్లలమర్రి నీడ
పది రోజులు కుక్కను చూసి, దానికి ఏమీ కాకపోతే టీకా అక్కర్లేదని విన్నాను?

మూసీ కాలువ
తప్పుగా విన్నారు. టీకా మొదలుపెట్టి పది రోజులు చూడాలి. చూసి మొదలుపెట్టడం కాదు. ఒకసారి రేబిస్ లక్షణాలు బయటపడితే ఇక బతికించే మందు లేదు.

మా మేనత్త కొడుకును కుక్క కరిచినప్పుడు ఇంట్లో పెద్దలు సున్నం పెట్టారు. ఎవరో పసరు పోశారు. గాయం మానిపోయింది, అందరం మరిచిపోయాం. నెలల తర్వాత వాడు నీళ్లు అడిగి, గ్లాసు నోటి దాకా తెచ్చి, తాగలేక పక్కకు తోసేశాడు. గొంతు బిగుసుకుపోతోందన్నాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు. కాబట్టి మాస్టారూ, మీ ముప్పై ఏళ్ల లెక్క నాకు చెప్పకండి.

మెట్టుగడ్డ మాస్టారు
మీ ఇంట్లో జరిగింది చాలా బాధాకరం. కానీ వీధిలో తిరిగే కుక్క వేరు, కొనుక్కొచ్చిన పిల్ల వేరు. ఇక్కడ అడిగింది కొరుకుడు తగ్గుతుందా అని. మీరు రేబిస్ తెచ్చి భయపెడితే వాళ్లు రేపే దాన్ని పొలంలో వదిలేస్తారు. పొలమంటే ఏంటో తెలుసు కదా? అడవిపందుల కోసం కరెంటు తీగలు పెట్టేవాళ్లున్నారు. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, బోరు షెడ్డు రేకు కింద ల్యాబ్రడార్ ఎట్లా తట్టుకుంటుంది? తిండీ నీళ్లూ లేకుండా అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

మూసీ కాలువ
నేను పొలానికి పంపమనలేదు. ఇంజెక్షన్ వేయించారా అని అడిగాను. జవాబు రాలేదు.

బత్తాయి తోట
అన్నా, సార్, మీరిద్దరూ గొడవపడకండి. సార్ చెప్పిన తడి టవల్ చేసి చూస్తాం. ఉచ్చ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. బయటికి తీసుకెళ్తే పోయదు, లోపలికి రాగానే తాండూరు బండల మీద పోస్తోంది.

మెట్టుగడ్డ మాస్టారు
నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ఆగగానే బయటికి తీసుకెళ్లండి. రోజూ ఒకే చోటికి. పోసేదాకా అక్కడే నిలబడాలి, పోయగానే అక్కడే మెచ్చుకుని ఒక చిన్న ముక్క తినిపించాలి. లోపలికి వచ్చాక ఇస్తే దేనికి ఇచ్చారో దానికి అర్థం కాదు. మూడు నెలల పిల్ల మూడు నాలుగు గంటలకంటే ఆపుకోలేదు, కాబట్టి రాత్రి కూడా ఒకసారి లేవాలి. లోపల పోస్తే కొట్టొద్దు, దాని మూతిని ఉచ్చలో రుద్దొద్దు. నిమ్మళంగా తుడిచేయండి, వాసన మిగిలితే మళ్లీ అక్కడే పోస్తుంది. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట దించకండి, పార్వో అనే వైరస్ అంటుకుంటే వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. వాకిట్లోనే అలవాటు చేయండి.

దేవరకొండ అక్క
పొద్దుటి నుంచి చదువుతున్నాను. నిద్ర లేవగానే తీసుకెళ్లాలి, తినగానే తీసుకెళ్లాలి, రాత్రి లేవాలి, నిమ్మళంగా తుడవాలి, పాప వెనకే ఒకరు ఉండాలి. ఎవరు? ఆ ఒక్క మాట మీలో ఎవరూ రాయలేదు.

మా ఇంట్లో కూడా పిల్లల కోసమే అని తెచ్చారు. పిల్లలు చూసుకుంటామని ఒట్లు వేశారు. వారం తిరగకముందే వాళ్ల బడి వాళ్లది, ఆయన డ్యూటీ ఆయనది. పొయ్యి మీద కూర ఉండగా కుక్క కూర్చుని మూలిగితే స్టవ్ ఆపి బయటికి పరుగెత్తింది నేను. నట్టల మందు తేదీలు క్యాలెండర్‌లో రాసుకుంది నేను. పిడుదులు ఏరింది నేను. కుక్కకు జ్వరం వస్తే ఆటోలో పశువుల దవాఖానకు తీసుకెళ్లింది నేను. చివరికి ఊళ్లో అందరూ "ఆయన కుక్కను ఎంత బాగా పెంచుతున్నాడో" అన్నారు.

మెట్టుగడ్డ మాస్టారు
అమ్మా, మీ ఇంటి గొడవ ఇక్కడెందుకు? విషయం కుక్కపిల్ల కొరకడం గురించి.

దేవరకొండ అక్క
విషయమే ఇది సార్. మీ ఇంట్లో ముప్పై ఏళ్లు కుక్కలున్నాయన్నారు. ఉచ్చ ఎవరు తుడిచారు?

మెట్టుగడ్డ మాస్టారు
నా ఇంటి ఆడవాళ్లను ఇందులోకి లాగొద్దు. మా ఆవిడ ఇష్టంగా చూసుకునేది.

దేవరకొండ అక్క
ఇష్టంగా అని ఆమె చెప్పిందా, మీరే అనుకున్నారా?

జడ్చర్ల చౌరస్తా
అందుకే చెప్పిన, గేటు దగ్గర కట్టేస్తే ఈ లొల్లి ఉండదు.

మెట్టుగడ్డ మాస్టారు
ఇలా మాట్లాడేవాళ్ల వల్లే కుక్కలు రోడ్డున పడుతున్నాయి. రెండు నెలలు ఓపిక పట్టలేరా? కుక్కపిల్లతో పెరిగిన పిల్లలకు జాలి, బాధ్యత అలవడతాయి. అది చిన్న విషయమా? ఆడవాళ్లు వద్దన్నారని తెచ్చిన ప్రాణాన్ని వెనక్కి పంపుతామా?

పిల్లలమర్రి నీడ
సార్, "ఆడవాళ్లు వద్దన్నారని" అనే మాట బాగాలేదు.

బత్తాయి తోట
ఇది ఆయన ఐడీ. రాస్తున్నది నేను, ఆయన భార్యను. ఆయన ఫోన్‌లో మొత్తం చదివాను.

మొదటి పోస్టులో మా ఆవిడ పంపేయమంటోంది అని ఉంది. నేను ఆ మాట అనలేదు. పొలం మాట ఆయనదే. నేనన్నది వేరు. ఆయన మిర్యాలగూడ మిల్లుకు పొద్దున ఏడింటికి వెళ్తారు, రాత్రి తొమ్మిదికి వస్తారు. నేను ఇంట్లో మిషన్ కుడతాను. పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు తేదీకి ఇవ్వాలి. కుట్టే బట్ట కింద వేలాడితే రాజా పట్టుకుని లాగుతుంది. ఒకావిడ పట్టుచీర ఫాల్ పళ్లతో చింపింది, ఆ డబ్బులు నేను కట్టాను. అప్పుడు అన్నాను, "పొద్దున మీరు లేచి బయటికి తీసుకెళ్లండి, రాత్రి ఒకసారి మీరు లేవండి, లేదంటే ఏం చేయాలో మీరే చెప్పండి" అని. దానికి ఆయన చెప్పిన జవాబు పొలం.

నాకు కుక్క అంటే పడదని ఎవరూ అనుకోవద్దు. నేను మిషన్ తొక్కుతుంటే నా కాలి మీద మూతి పెట్టుకుని పడుకుంటుంది, నేను కాలు కదపను. దసరాకు దాన్ని తెచ్చేముందు నన్ను ఒక్కమాట అడగలేదు. డబ్బాలో పెట్టి తెచ్చి, పిల్లల ముందు తెరిచారు. పిల్లల మొహాలు చూశాక ఇంక నేను ఏం అనగలను?

మాస్టారు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. పాపకు చేతులు కట్టుకుని నిలబడటం నేర్పాను, రెండు రోజుల నుంచి గౌను వదిలేస్తోంది. నిద్ర సంగతి కూడా నిజం. మధ్యాహ్నం గది తలుపు వేసి పడుకోబెట్టిన రోజు సాయంత్రం కొరుకుడు తక్కువగా ఉంది. కానీ అవి నాకు చెప్పారు సార్, ఆయనకు కాదు. ఇక్కడ రాసే ప్రతి సలహా చివరికి నా పనుల్లో ఇంకొకటిగా చేరుతోంది.

దేవరకొండ అక్క
చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను.

మెట్టుగడ్డ మాస్టారు
అమ్మా, మీరు పంపేయమన్నారని రాస్తే అదే నమ్మి మాట్లాడాను. కుక్కను మాత్రం పంపకండి, ఇప్పుడిప్పుడే దారికొస్తోంది. తోట గారూ, మీరు ఇక్కడుంటే జవాబివ్వండి. ఐదున్నరకు లేవడం మీ పని. నేను రోజూ లేస్తున్నాను, నాకు మోకాళ్ల నొప్పులున్నాయి.

బత్తాయి తోట
నేనే రాస్తున్నాను, ఆమె కాదు. తను అడగలేదని రాసింది, నిజమే. పిల్లలకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను. కానీ పద్నాలుగు గంటలు బయట పనిచేసి వచ్చినవాడిని రాత్రి కూడా లేవమంటే ఎట్లా? ఆమె ఇంట్లోనే ఉంటుంది కదా అనే ఉద్దేశంతోనే తెచ్చాను.

దేవరకొండ అక్క
అన్నా, నువ్వే రాశావు. ఇంట్లోనే ఉంటుంది కదా అని. మిషన్ ముందు కూర్చున్న మనిషి ఖాళీగా ఉన్నట్టా? చీర డబ్బులు కట్టింది ఎవరు?

జడ్చర్ల చౌరస్తా
అన్న చెప్పింది కూడా ఆలోచించాలె. డ్యూటీ చేసి వచ్చి నిద్ర లేకపోతే రేపు మిల్లులో మిషన్ల దగ్గర ప్రమాదం.

పిల్లలమర్రి నీడ
పదకొండింటికి పడుకునే ముందు ఒకసారి, పొద్దున ఐదున్నరకు ఒకసారి ఆయన తీసుకెళ్తే నడుమ లేవాల్సింది ఒక్కసారే. మా ఇంట్లో ఒకరోజు ఆయన, ఒకరోజు నేను. నాలుగో నెల దాటాక మాది తెల్లారిందాకా ఆపుకుంది. పొద్దున్నే లేచే పని బాబుకు కూడా చెప్పండి, నాలుగో తరగతి అంటే గిన్నెలో నీళ్లు మార్చగలడు.

బత్తాయి తోట
పదకొండింటిదీ, ఐదున్నరదీ నావి. ఆదివారం మొత్తం నాది. పొలం మాట తీసేస్తున్నాను. నడుమ లేచేది మాత్రం ఇద్దరం మాట్లాడుకోవాలి.

మూసీ కాలువ
మంచిది. కానీ మొదటి నుంచి ఒక్కటే అడుగుతున్నాను. పాపకు ఇంజెక్షన్ వేయించారా లేదా? ఆదివారం మొత్తం నాది అన్నావు కదా అన్నా, నువ్వే చెప్పు.

బత్తాయి తోట
మళ్లీ నేను, ఆయన భార్యను. ఆయన నన్ను అడిగి, ఫోన్ చేతికిచ్చారు. రక్తం వచ్చిన రోజే నల్లా కింద సబ్బు పెట్టి కడిగి, పాపను దవాఖానకు తీసుకెళ్లాను. గాయం దగ్గర ఇచ్చేదీ ఇచ్చారు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు టీకాలు అయిపోయాయి. 28వ రోజుది వచ్చే బుధవారం. రాజాకు రేబిస్ టీకా కూడా ఆ వారమే. చీటీ ఫ్రిజ్ మీద పెట్టాను. ఈసారి ఆయన సెలవు పెట్టి తీసుకెళ్లాలి.