38 ఏళ్లకి ఫుట్‌బాల్‌లో గోల్‌కీపింగ్ మానేయాలా? స్కాట్లండ్ గోల్‌కీపర్ క్రెయిగ్ గోర్డన్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

బెళ్లందూరు_గోలీ:
మాది ఒంగోలు. బెంగళూరు వచ్చి పన్నెండేళ్లు. ఆదివారం పొద్దున ఆరింటికి సర్జాపుర రోడ్డు టర్ఫ్‌లో ఆట. గోల్‌లో నిలబడమంటే అందరికీ పనులు గుర్తొస్తాయి కాబట్టి కీపర్‌ని నేనే. మూడు నెలలుగా ఎడమ మోకాటి చిప్ప కింద ఒకటే సలుపు. పరిగెత్తితే పర్లేదు, మెట్లు దిగాలంటే ప్రాణం పోతుంది. మొన్న లిఫ్ట్ ఆగిపోతే నాలుగో అంతస్తు నుంచి వెనక్కి తిరిగి దిగా, పక్కింటి బుడ్డోడు వీడియో తీశాడు. మా ఆవిడ గ్లవ్స్‌ని అటకెక్కించింది.

అయినా మనసొప్పట్లేదు. 2025 నవంబర్లో స్కాట్లండ్-డెన్మార్క్ మ్యాచ్ రాత్రి ఒకటింపావుకి మొదలైతే, టీవీ సౌండ్ తీసేసి చూశా. 42 ఏళ్ల గోర్డన్ గోల్‌లో ఉన్నాడు. స్కాట్లండ్ 4-2తో గెలిచి, 1998 తర్వాత మళ్లీ వరల్డ్ కప్‌కి (2026) అర్హత సాధించింది. అతనికీ మోకాటి చిప్ప కింది టెండనే (ఎముకని పట్టి ఉంచే గట్టి పట్టీ) దెబ్బతిందట. ఎలా లేచాడు?

టైన్‌కాసిల్_జ్ఞాపకం:
అన్నా, నేను ఎడిన్‌బరోలో రెండేళ్లు ఆన్‌సైట్ చేశా. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్ హార్ట్స్ అభిమానిని, కాస్త పక్షపాతం ఉంటుంది. 2007లో ఇంగ్లండ్ క్లబ్ సండర్లాండ్ గోర్డన్‌ని 90 లక్షల పౌండ్లకి కొంది, అప్పట్లో బ్రిటన్‌లో ఏ కీపర్‌కీ అంత పెట్టలేదు. 2010 డిసెంబర్లో బోల్టన్ మీద, వాళ్ల ఆటగాడు జాట్ నైట్ గోల్‌కి బాగా దగ్గర్నుంచి తన్నిన బంతిని ఒంటి చేత్తో పైకి లేపేశాడు చూడు, వెతికి చూడు. చెయ్యి ఎప్పుడు లేచిందో స్లో మోషన్‌లోనూ నాకర్థం కాలేదు.

తర్వాతే మోకాలు. 2012లో కాంట్రాక్ట్ అయిపోయింది, రెండేళ్లు మ్యాచే లేదు. ఆ ఖాళీలో డంబార్టన్ అనే స్కాట్లండ్ క్లబ్‌లో కోచింగ్ ఇచ్చాడు. 2014లో గ్లాస్గో క్లబ్ సెల్టిక్ తీసుకుంటే అక్కడ లీగ్ టైటిళ్లు కొట్టాడు, 2020లో సొంతగూడు హార్ట్స్‌కి తిరిగొచ్చాడు. మళ్లీ 2022 డిసెంబర్ 24న డండీ యునైటెడ్ మ్యాచ్‌లో కాలు రెండు చోట్ల విరిగింది. 40 నిండడానికి సరిగ్గా వారం ఉంది. 2024 జనవరిలో మైదానంలో ఉన్నాడు.

మోకాళ్ల_మేస్త్రి:
గురూ, ఫిజియోగా చెప్తున్నా. ఆయనకి రోజంతా వెనకాల తిరిగే మనుషులున్నారు, నీకు ఆఫీసు కుర్చీ ఉంది. అలాగని మంచమెక్కితే టెండన్ గట్టిపడదు. నెమ్మదిగా బరువు పెంచుతూ పని చెప్పాలి, నెలలు పడుతుంది. అంతవరకు దూకడాలు, డైవ్‌లు బంద్. ముందు ఎవరికైనా చూపించుకో, ఇక్కడ టైప్ చేసినంత మాత్రాన మోకాలు కనపడదు.

బెళ్లందూరు_గోలీ:
మంగళవారం చూపించుకుంటున్నా. మా ఆవిడకి "కోచింగ్ మాత్రమే" అని చెప్పా. డంబార్టన్ పేరు వాడుకున్నా, నమ్మలేదు.

కొత్తవాడు_కోరమంగళ:
అన్నా, అటక మీద గ్లవ్స్ సైజు ఎంత? నాది 9.